ఊపిరికి ఉద్యాపన

పిల్లల కోసం వైద్యానికి వచ్చే మనిషికి జబ్బు ఉండదు. కొత్తగా ఈ పనిలోకి వస్తున్న అమ్మాయిలు మొట్టమొదట తెలుసుకోవాల్సింది ఇదే. జ్వరం ఉండదు, పుండు ఉండదు, కట్టు కట్టడానికి ఏమీ ఉండదు. మంచి చీర కట్టుకుని, బస్సు దిగి, తన కాళ్ళ మీద తాను నడిచి వస్తుంది. అయినా ఆమె భయం ఆపరేషన్‌కు వచ్చినవాళ్ళ భయం కంటే మొండిది. ఆపరేషన్ భయం కుట్లు విప్పేసరికి పోతుంది. ఈమెది నెలనెలా కొత్తగా మొదలవుతుంది.

నేను నర్సుగా చేరింది డెబ్భైల్లో, భద్రాచలం అడవి అంచున ఒక చిన్న సర్కారు దవాఖానాలో. ఆ తర్వాత ఖమ్మంలో ఒక నర్సింగ్ హోంలో చేరి, రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. డ్యూటీ చార్టుల గొడవలు, ఇన్‌చార్జి పదవి ఎవరికిచ్చారు, ఎవరికి ఎగ్గొట్టారు అన్నవి మీకు చేరిన వారంలోనే తెలిసిపోతాయి. నేను రాసేది భయం గురించి. దాన్ని తగ్గించడానికి మందులతో పాటు మేం చేసిన పనుల గురించి, వాటిలో ఒకటి బెడిసికొట్టిన తీరు గురించి.

భయపడకు అనే మాట

ఆ మొదటి దవాఖానాలో మా పెద్ద డాక్టరమ్మది మంచి హస్తవాసి. నోట్లో మాత్రం ఎప్పుడూ ఒకటే మాట. సూది వేసే ముందు "భయపడకు", కోత పెట్టే ముందు "భయపడకు", అసలు ఏమీ చెయ్యకముందు కూడా "భయపడకు".

గుట్టల మీది ఊరి నుంచి ఒక అమ్మాయి వచ్చేది. తెలుగు రాదు. పెళ్ళయి చాలా ఏళ్ళయినా కడుపు పండలేదు. గర్భసంచి లోపలి పొర కొంచెం తీసి పరీక్షకు పంపాలని డాక్టరమ్మ చూసింది. కొన్నిసార్లు వచ్చిపోయేసరికి ఆ అమ్మాయికి ఒక్క తెలుగు మాట వచ్చేసింది. డాక్టరమ్మ "భయపడకు" అనగానే రెండు చేతులతో బల్ల అంచులు పట్టుకునేది, పళ్ళు బిగించేది, కాళ్ళు దగ్గరికి లాక్కునేది. ఆ మాట వెనకాలే నొప్పి వస్తుందని నేర్చుకుంది మరి. పరీక్ష ఒక్కసారి కూడా సరిగ్గా కాలేదు. డాక్టరమ్మ విసుక్కుని, "ఈ అడవి మనుషులకు ఎంత చెప్పినా భయం పోదు" అనేది.

అప్పటి నుంచి నేను ఆ మాట మానేశాను. "ఇప్పుడు చల్లగా తగులుతుంది. ఇప్పుడు పొత్తికడుపులో నొప్పి వస్తుంది, కాసేపు ఉండి పోతుంది. అయిపోయింది" అని జరుగుతున్నది జరుగుతున్నట్టు చెప్పడం అలవాటు చేసుకున్నాను. నొప్పి లేదని అబద్ధం చెప్పి ఒకసారి నమ్మించవచ్చు. రెండోసారి మీరు నిజం చెప్పినా ఆమె నమ్మదు.

ఆకులు, నూనె, క్యాసెట్టు

ఖమ్మంలో నర్సింగ్ హోం డాక్టర్ వసుమతి గారిది. పెళ్ళయిన కొన్నేళ్ళకే భర్త పోతే ఒక్కతే నిలబడి దవాఖానా నడిపిన మనిషి. చదువులో దిట్ట, కోపంలో అంతకంటే దిట్ట. ఎనభైలు సగం దాటేసరికి సత్తుపల్లి వైపు రైతుల ఇళ్ళ నుంచి, ఇల్లందు బొగ్గు బావుల నుంచి, అడవి ఊళ్ళ నుంచి పిల్లల కోసం ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. అండం ఎదగడానికి మాత్రలు, కొన్ని ఇంజెక్షన్లు, గర్భసంచిలోకి రంగు మందు ఎక్కించి ట్యూబులు తెరుచుకుని ఉన్నాయో లేదో చూసే ఎక్స్‌రే, మగవాళ్ళకు వీర్యపరీక్ష. మా దగ్గరున్నది ఇంతే. టెస్ట్‌ట్యూబ్ వైద్యం పెద్ద నగరాల్లో డబ్బున్నవాళ్ళ సంగతి.

ఆమె దగ్గర నేను చూసిన అసలు రోగం వరండాలో ఉండేది, బెంచీల మీద. పొద్దున వచ్చినవాళ్ళు మధ్యాహ్నం దాకా కూర్చోవాలి. ఒకరి కేసు ఒకరు తిరగేసుకుంటూ, "ఆమెకు గీ మాత్రలతోనే అయిందట, నీకెందుకు కాలె?" అని ఒకరినొకరు కాల్చుకు తినేవాళ్ళు. లోపలికి వచ్చేసరికి నాడి పరిగెడుతూ ఉండేది.

భద్రాచలం వైపు నుంచి వచ్చే ఒకామె మోదుగాకుల కట్ట తెచ్చుకుని బెంచీ పక్కన నేల మీద కూర్చుని విస్తర్లు కుట్టుకునేది. చూసి ఇంకొకామె చెయ్యి కలిపింది. నెల తిరిగేసరికి వరండా అంతా ఆకులే. వసుమతి గారు ఒకరోజు చూసి, "ఇది దవాఖానానా, పెళ్ళివారిల్లా?" అని కేకలేశారు. కానీ ఆకులు వచ్చాక బెంచీల మీద గొడవలు తగ్గాయని, "ఇంకా ఎంతసేపు?" అని తలుపు దగ్గరికి వచ్చేవాళ్ళు తగ్గారని ఆమే గమనించారు. రెండోసారి ఏమీ అనలేదు.

మా ఆయా రంగమ్మ గోరువెచ్చని నువ్వుల నూనెతో తలకూ అరికాళ్ళకూ మర్దన చేసేది. అదీ బాగానే పనిచేసింది. పొట్ట మీద మాత్రం చెయ్యి వెయ్యనిచ్చేవాళ్ళం కాదు. పట్నంలో ఎవరో చెప్పారని వేణువు క్యాసెట్టు కూడా తెచ్చి పెట్టాం. ఎవరో పోయిన ఇంట్లో కూర్చున్నట్టుందని ఆడవాళ్ళు దాన్ని ఆపించారు.

మాత్రలు మింగుతూనే ఇంటి దగ్గర ఏదో పసరు తాగుతున్నానని ఒకామె నోరుజారి చెప్పింది. వసుమతి గారు వరండా మొత్తానికి వినపడేలా తిట్టారు. ఆ తర్వాత పసరు సంగతి ఎవరూ చెప్పలేదు. తాగడం మానలేదు, చెప్పడం మానేశారు.

నా అభిప్రాయం ఇప్పుడే రాసేస్తాను. ఆకులు గానీ నూనె గానీ ఊపిరి పీల్చడం గానీ పిల్లల్ని ఇవ్వవు. ఎదురుచూపును భరించేలా చేస్తాయి. అది చిన్న సంగతి కాదు, కానీ అది అంతే. అంతకు మించిన పేరు దానికి పెడితే ఏమవుతుందో రాజేశ్వరి సంగతిలో చూశాం.

తాళంచెవి

రాజేశ్వరి, మల్లేశం దంపతులది కారేపల్లి. మల్లేశం ఇల్లందు వైపు బొగ్గు బావిలో పని. ఎత్తుగా, గట్టిగా ఉండేవాడు. మాట మాత్రం మెత్తన. రాజేశ్వరి అతనిలో సగం ఉండేది, చెప్పిన మాట ఒక్కసారి వింటే చాలు, అక్షరం పొల్లుపోనిచ్చేది కాదు. మాకు అలాంటి పేషెంట్లంటే ముద్దు. అదే కొంప ముంచుతుందని అప్పుడు తెలియదు.

మొదట మల్లేశానికి వీర్యపరీక్ష రాశారు. చేతికి సీసా ఇచ్చి వరండా చివర బాత్‌రూం చూపించాం. చాలాసేపటికి చెమటలు కక్కుతూ బయటికి వచ్చాడు. సీసా ఖాళీ. ఇంకో రోజు కూడా అంతే. మూడోసారి నన్ను పక్కకు పిలిచాడు.

"సిస్టరమ్మా, ఎవలో ఒకలు తలుపు కొడుతనే ఉంటరు. బయట ఆడోళ్ళంత కూసొని ఉంటరు. బాయిల కప్పు కూలితె గూడ నేను ఉరకలె. గీ చిన్న సీసకు కాళ్ళు వణుకుతున్నయ్."

"మరి ఏం చేద్దాం మల్లేశం?"

"నాతోటి గాదు. నన్ను మొగోడే కాదని రాసుకోండ్రి, ఇంటికి పోత."

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మగవాడి భయం గురించి మాకెవరూ ఏ పాఠంలోనూ చెప్పలేదు. వసుమతి గారికి చెబితే కాసేపు ఆలోచించి, మేడ మీది గది తాళంచెవి బల్ల మీద పెట్టారు. దంపతులిద్దరినీ పైకి పంపి, మెట్ల దగ్గర రంగమ్మను కూర్చోబెట్టి, ఎవరినీ పైకి పోనివ్వద్దన్నాం. ఆ రోజు పని అయింది. మల్లేశంలో ఏ లోపమూ లేదని తేలింది. ఆ తర్వాత మగవాళ్ళందరికీ మేం బాత్‌రూం చూపించడం మానేసి తాళంచెవి ఇవ్వడం మొదలుపెట్టాం.

మాస్టారి ఊపిరి

రాజేశ్వరికి ట్యూబుల ఎక్స్‌రే తియ్యాలి. మొదటిసారి బల్ల ఎక్కి, పక్కనున్న సామాను చూసి స్పృహ తప్పింది. పరీక్ష ఆపేశాం.

అప్పుడే అప్పారావు మాస్టారు మా దవాఖానాకు రావడం మొదలైంది. రిటైరైన డ్రిల్లు మాస్టారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి మధిర దగ్గర పొలం కొనుక్కుని స్థిరపడిన కుటుంబం. వసుమతి గారికి తెలిసినవాడు. వారానికోసారి వచ్చి వరండాలో ఆడవాళ్ళకు ఊపిరి నేర్పేవాడు. మెల్లగా పీల్చడం, పీల్చినదాని కంటే ఇంకా మెల్లగా వదలడం. ఇంతకు మించి అందులో ఏమీ లేదు. నేను మొదట నవ్వుకున్నాను.

రాజేశ్వరి రెండోసారి బల్ల ఎక్కింది. నేను చెయ్యి పట్టుకుని జరిగేది చెబుతున్నాను, ఆమె ఊపిరి వదులుతోంది. పరీక్ష సాఫీగా అయిపోయింది. దిగాక అడిగాను, నొప్పి రాలేదా అని.

"అవ్, మస్తు వచ్చింది సిస్టరమ్మా. కని నేను దానెంట పోలె."

ఈ మాట నేను తర్వాత ఎంతోమందికి చెప్పాను. ఊపిరి వల్ల లాభమేమిటని ఎవరైనా అడిగితే ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

ఎక్స్‌రేలో ఒక ట్యూబు మూసుకుపోయినట్టు వచ్చింది. రెండోది తెరుచుకుని ఉందో లేదో తేలలేదు. వసుమతి గారు ఫిల్మును వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసి, "చూద్దాం, మాత్రలు మొదలుపెడదాం" అన్నారు. ఆ "చూద్దాం" ఆ తర్వాత చాలా నెలలు నడిచింది.

నిండని మండలం

మాస్టారు మంచివాడే. పైసా తీసుకునేవాడు కాదు. తన విద్య మీద ఆయనకు నమ్మకం కొంచెం ఎక్కువ. ఒకరోజు క్లాసు చివర ఆడవాళ్ళతో అన్నాడు: "ఇలా వచ్చినప్పుడు మాత్రం చేస్తే చాలదమ్మా. ఒక మండలం పాటు నిష్ఠగా, మధ్యలో ఆగకుండా చెయ్యండి. ఫలితం మీకే తెలుస్తుంది."

మండలం, నిష్ఠ, ఫలితం. మాస్టారికి అవి డ్రిల్లు మాటలే. వరండాలో కూర్చున్నవాళ్ళకు అవి నోము మాటలు. నేను కిరస్తానీ ఇంటి పిల్లను, ఆ తేడా నాకప్పుడు చెవికెక్కలేదు. రంగమ్మ మాత్రం చీపురు ఆపి ఒకసారి తల ఎత్తి చూసింది. మాస్టారి ముందు ఆమె మాత్రం ఏమంటుంది?

మిగతావాళ్ళు నాలుగు రోజులు చేసి వదిలేశారు. రాజేశ్వరి వదిలే మనిషి కాదు. తెల్లారకముందే తలస్నానం చేసి, తూర్పు ముఖంగా కూర్చుని ఊపిరి పట్టేది. ఒంటిపూట భోజనం. చాప మీద పడక. ఇవేవీ మాస్టారు చెప్పలేదు. మొక్కు అంటే ఎలా ఉండాలో ఆమెకు తెలుసు కాబట్టి తనే కలుపుకుంది.

కొన్ని నెలలు గడిచాయి. ఆమె చిక్కిపోతోంది. మాత్రల వల్ల వికారం అనుకున్నాం. ఫలితం లేకపోయేసరికి వసుమతి గారు మోతాదు పెంచారు. ఇంకో నెల చూసి ఇంకొంచెం పెంచారు. ఒక మధ్యాహ్నం మల్లేశం ఒక్కడే వచ్చాడు. వసుమతి గారి ముందు నిలబడి నేల చూపులు చూస్తున్నాడు.

"చెప్పవయ్యా" అన్నారు ఆమె.

"డాక్టరమ్మా, మీరేమో గీ రోజులల్ల కలిసుండాలె అని రాసిస్తరు. ఆమె చాప ఏరే ఏసుకుంటంది. దీక్షల ఉన్న, అంటుకోకు అంటది. మరి పిల్లలెట్లయితరు?"

వసుమతి గారి చేతిలో పెన్ను ఆగిపోయింది. "ఎప్పటి నుంచి?"

"ఎండకాలం సంది."

అప్పటికి చలి మొదలైంది. మేం మోతాదు పెంచుకుంటూ పోయిన నెలలన్నీ అవే. పిల్లల కోసం పట్టిన దీక్షలో మొగుణ్ణి దూరం పెట్టిన మనిషికి మేం అండం ఎదిగే మాత్రలు ఇస్తూ వచ్చాం. ఎవరికైనా చెబితే నవ్వుతారు. ఆ గదిలో మాత్రం మల్లేశం ముఖం చూసి మాకు నవ్వు రాలేదు.

వసుమతి గారు రాజేశ్వరిని పిలిపించి తన పద్ధతిలో తాను చెప్పారు: "ఆ గాలి పీల్చడం ఇవాళ్టితో బంద్! ఇది ఆస్పత్రి, ఆశ్రమం కాదు." రాజేశ్వరి తల ఊపింది. ఆ తర్వాత దవాఖానాకు రావడమే మానేసింది. పసరు సంగతిలో జరిగిందే మళ్ళీ జరిగింది. పై వాళ్ళు మీకు ఎంత గట్టిగా చెప్పినా, భయపడిన మనిషిని కసిరి మాన్పించగలమని మాత్రం నమ్మకండి.

మల్లేశం రెండోసారి వచ్చినప్పుడు డ్యూటీ బట్టల మీదే ఉన్నాడు, మెడ దగ్గర ఇంకా బొగ్గు ఉంది.

"సిస్టరమ్మా, తింటలేదు, పంటలేదు. కన్నంటుకుంటె ఏళకు లేవలేనని గోడకు ఒరిగి కూసుంటది. మొన్న బోరింగు కాడ పడిపోయింది. నేను బాయిల దిగితె పానమంత ఇంటికాడనే ఉంటది. నాకు పిల్లలొద్దు, ఏమొద్దు. ఆమె ఉంటె చాలు."

"ఆ మాట ఆమెతో అన్నావా?"

"అన్న. నా మీద ఆశ ఇడిసినవా అని ఏడ్చింది."

కారేపల్లిలో

మర్నాడు రంగమ్మను తీసుకుని కారేపల్లి బస్సెక్కాను. అలా పేషెంట్ల ఇళ్ళకు వెళ్ళడం మా పని కాదు. ఈ మనిషి చచ్చిపోతుందని నాకు గట్టిగా అనిపించింది, అందుకే వెళ్ళాను.

రాజేశ్వరి పీట మీద కూర్చుని ఉంది. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. మమ్మల్ని చూసి లేవబోయి, గోడ పట్టుకుంది. రంగమ్మ ఆమెను కూర్చోబెట్టి, చక్కెర కలిపిన మజ్జిగ నోటి దగ్గర పెట్టింది. తాగలేదు.

"ఇంకెన్నాళ్ళు రాజేశ్వరీ?" అన్నాను.

"మండలం నిండాలె గద సిస్టరమ్మా."

"ఎండాకాలం నుంచి చేస్తున్నావు. ఎన్ని మండలాలు నిండి ఉండాలి!"

"ఒక్కటి గూడ నిండలె." చాలా మామూలుగా చెప్పింది. "నెలనెల బయటుంట గద. అండ్ల చెయ్యరాదు. నడుమ ఆగొద్దన్నడు సారు. ఆగితె మళ్ళ మొదటికెల్లి పట్టాలె. ఒకపారి నెల తప్పి నాలుగు దినాలు దాటింది, గీసారి నిండుతది అనుకున్న. ఊపిరి పట్టంగ నడుమల దగ్గొచ్చింది. మర్నాడు బయటున్న. నా దగ్గే జేసింది సిస్టరమ్మా."

నాకు అప్పుడు అర్థమైంది. మండలమంటే నలభై రోజులు, నెల కంటే ఎక్కువ. ఆడదానికి నెలసరి నెలకే వస్తుంది. అది తప్పితేనే, అంటే కడుపు నిలిస్తేనే ఈమె మండలం నిండుతుంది. చాప వేరే వేసుకున్నాక అది నిలిచేదెలా? నిలవని ప్రతి నెలా ఆమెకు రెండు దెబ్బలు. బిడ్డ లేదు, పైగా మొక్కు చెడింది, ఆ చెడడం వల్లే బిడ్డ లేదు. మాస్టారు మగవాడు, ఈ లెక్క ఆయనకు తట్టలేదు. వసుమతి గారికీ నాకూ కూడా తట్టలేదు, మేం ఆడవాళ్ళమై ఉండి.

రంగమ్మ అడిగింది: "బిడ్డా, పట్టిన నోము పానం తీస్తాంటె ఇడిసిపెట్టాలె గని, గిట్ల చేస్తరా?"

"ఉద్యాపన కాకుండ ఎట్ల ఇడుస్త అవ్వా? ఉత్తగ ఇడిస్తె ఆయనకు ఏమన్నయితె? బాయిల పని. మొదలుపెట్టుమని చెప్పిండు సారు. ఎట్ల ముగియాల్నో చెప్పలె."

నా వైపు తిరిగింది.

"మీరు గూడ చెప్పలె సిస్టరమ్మా. మీ మందులు గూడ గంతే గద. నెలనెల మొదటికొస్తయ్. గవ్వెప్పుడు అయిపోతయో డాక్టరమ్మ ఎన్నడన్న చెప్పిందా? నా దిక్కు సూడకుండ చూద్దాం చూద్దాం అంటది. అయిపోయింది అని ఎవలన్న ఒకలు చెప్తె నేను పండుకుంట."

ఉద్యోగంలో అన్నేళ్ళుగా ఎందరికో మాత్రలు ఎలా వేసుకోవాలో చెప్పాను, ఎప్పుడు ఆపాలో ఎవరికీ చెప్పలేదు. అది డాక్టర్ల పని అనుకునేదాన్ని. డాక్టర్లేమో అది పేషెంటు ఇష్టం అనుకునేవాళ్ళు. ఆ రోజు రంగమ్మ బలవంతాన నాలుగు గుక్కల మజ్జిగ తాగించింది, ఉద్యాపన సంగతి మేం చూసుకుంటాం అని మాటిచ్చి వచ్చేశాం.

చాలు అనడం

మాస్టారికి చెప్పాను. ఆయన వరండా బెంచీ మీద కూలబడ్డాడు. "అయ్యో, నెలసరి సంగతి నాకు తోచనే లేదమ్మా" అన్నాడు. తర్వాత తేరుకుని, "మొదలుపెట్టమన్నది నేనే కదండీ. ముగించమనేదీ నేనే. రమ్మనండి, నా నోటితో చెబుతాను" అన్నాడు.

రాజేశ్వరి అన్నదీ, మాస్టారు అన్నదీ వసుమతి గారికి చెప్పాను. రాజేశ్వరి ఫిల్ము తెప్పించుకుని మళ్ళీ చూశారు.

"రెండోది కూడా మూసుకుపోయిందని నాకు మొదటి నుంచీ అనుమానమే సిస్టర్. నా దగ్గరున్న వైద్యంతో కాదు."

"మరి చెప్పలేదేం మేడమ్?"

"ఏమని చెప్పను? అంత దూరం నుంచి, అంత ఆశతో వచ్చేది. మాస్టారికేం, తేలిగ్గా అనేశారు. నాకు ఆ మాట నోట్లోంచి రాదు."

అంత కోపిష్టి మనిషిలో అంత పిరికితనం ఉందని నాకు అప్పుడే తెలిసింది. నాకు ఆమె మీద గౌరవం తగ్గలేదు. కానీ రాజేశ్వరి ప్రాణం మీదికి తెచ్చింది కసిరిన మాట కంటే ఈ చెప్పని మాటే అని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

ఉద్యాపన రోజు మల్లేశం ఆమెను నడిపించుకుంటూ వచ్చాడు. నానబెట్టిన శనగలు, తమలపాకులు, పసుపు కుంకుమ, రవికె గుడ్డలు తెచ్చుకున్నారు. మాస్టారు ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి, ఒక్కసారి ఊపిరి పీల్చి వదలమన్నాడు. వదిలింది. "మండలం నిండిందమ్మా. నీ నోము పూర్తయింది. దగ్గినా తప్పు లేదు, ఆగినా తప్పు లేదు" అన్నాడు.

రాజేశ్వరి లేచి వాయనాలు ఇవ్వడం మొదలుపెట్టింది. "ఇస్తినమ్మ వాయనం" అంటే రంగమ్మ "పుచ్చుకుంటినమ్మ వాయనం" అని కొంగు పట్టింది. బెంచీల మీది ఆడవాళ్ళకిచ్చింది. వాళ్ళందరూ పిల్లలు లేనివాళ్ళే, శుభకార్యాల్లో పక్కన నిలబడడం అలవాటైనవాళ్ళు. నాకూ ఇచ్చింది. మా ఇంట్లో ఆ ఆచారం లేదు, అయినా తీసుకున్నాను. వసుమతి గారు మాత్రం తలుపు దగ్గరే ఆగిపోయారు. భర్త లేని మనిషి, వాయనం పట్టకూడదు. రాజేశ్వరి ఆమె ముందుకు వెళ్ళి నిలబడింది.

"నాకు కాదులేమ్మా" అన్నారు వసుమతి గారు.

"గిది ముత్తైదుల నోము గాదు డాక్టరమ్మా. ఊపిరి నోము. ఊపిరున్నోళ్ళందరు పట్టొచ్చు."

వసుమతి గారు చేతులు చాపారు. ఆ చేతుల్లో శనగలు పోసి, రాజేశ్వరి కదలకుండా అక్కడే నిలబడింది.

"ఇగ మీరు చెప్పుండ్రి."

వరండాలో అందరూ చూస్తున్నారు. ఈసారి వసుమతి గారు ఆమె ముఖంలోకి చూస్తూ చెప్పారు: "రాజేశ్వరీ, నీ ట్యూబులు రెండూ మూసుకుపోయాయి. నా మందులతో తెరుచుకోవు. నువ్వు దగ్గినందుకు కాదు, నువ్వు చేసిన దేనివల్లా కాదు. ఇక్కడ నా వైద్యం అయిపోయింది."

"మందులు అయిపోయినయా, నేను అయిపోయిననా?"

"మందులు, తల్లీ. మందులే."

ఎక్కడైనా పెద్ద నగరంలో చూపించుకుంటే ఇంకో దారి ఉండొచ్చని, దానికయ్యే ఖర్చు ఇంత, ఆశ ఇంత అని కూడా దాచకుండా చెప్పారు. రాజేశ్వరి, మల్లేశం ఒకరి ముఖం ఒకరు చూసుకుని, వద్దన్నారు.

ఆ తర్వాత వసుమతి గారు కొత్తగా వచ్చిన ప్రతి జంటకూ మొదటి రోజే చెప్పడం మొదలుపెట్టారు: ఎంతకాలం ప్రయత్నిద్దాం, అప్పటికీ కాకపోతే కూర్చుని ఏం మాట్లాడుకుందాం అని. అది ఆమెకు ఎప్పుడూ తేలిక కాలేదు, అయినా చెప్పేవారు. మాస్టారు మళ్ళీ ఎప్పుడూ మండలం మాట ఎత్తలేదు. "తోచినప్పుడు చెయ్యండమ్మా, తోచకపోతే మానెయ్యండి" అనేవాడు. మీరు కూడా మీ పేషెంట్లకు ఊపిరి నేర్పండి, కాళ్ళకు నూనె రాయండి, చేతులకు పని చూపించండి. వాటిని ఇంకో పరీక్షగా మాత్రం మార్చకండి. వాళ్ళకు ఇప్పటికే ఉన్న పరీక్షలు చాలు.

రాజేశ్వరికి తర్వాత పిల్లలు పుట్టారా అని మీరు అడుగుతారు, అందరూ అడుగుతారు. పుట్టలేదు.

ఆ రోజు మధ్యాహ్నం వాళ్ళను బస్సెక్కించడానికి నేనూ బస్టాండుకు వెళ్ళాను. రాజేశ్వరి బెంచీ మీద కూర్చుంది, మల్లేశం పక్కనే కూర్చుని బస్సు కోసం చూస్తున్నాడు. నేను తిరిగి చూసేసరికి ఆమె అతని భుజానికి ఒరిగి నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుంది, ఊపిరి తన దారిన తాను నడుస్తోంది. కారేపల్లి బస్సు వచ్చింది. జనం తోసుకుంటూ ఎక్కుతున్నారు, కండక్టరు కేకలు వేస్తున్నాడు. లేపమని నేను చెయ్యి ఊపాను. మల్లేశం కదలకుండా తల అడ్డంగా ఊపాడు. బస్సు వెళ్ళిపోయింది. దాని తర్వాతిది కూడా వెళ్ళిపోయింది.